పగ లేని వేట

వానలు ముఖం చాటేస్తే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకునే ఊళ్లో పెరిగినవాణ్ణి. కప్పతల్లి ఆడిన ఆ పిల్లాడే ఇప్పుడు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ శివారులో వానాకాలం రాత్రుళ్లు టార్చిలైటు పట్టుకుని కప్పల్ని ఏరి చంపుతున్నాడంటే మా ఊరి పెద్దలు నొసలు చిట్లిస్తారు. వాళ్లను తప్పుపట్టను. నేను చంపేది కేన్ టోడ్ అనే విషపు కప్పను. దాన్ని ఎందుకు చంపాలన్న దానిమీద ఇక్కడ పెద్దగా తగువు లేదు. ఎలా చంపాలన్న దగ్గరే మనిషి బుద్ధి బయటపడుతుంది.

దీని కథ చెరకు తోటల్లో మొదలైంది. ఇక్కడి క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో చెరకును వేరుపురుగు తినేస్తోందని, 1935లో రెజినాల్డ్ మంగోమెరీ అనే ప్రభుత్వ కీటకశాస్త్రజ్ఞుడు హవాయి నుంచి వందకు పైచిలుకు కప్పల్ని పట్టుకొచ్చాడు. వాటి పుట్టిల్లు దక్షిణ, మధ్య అమెరికాలు. కెయిన్స్ దగ్గరి గోర్డన్‌వేల్‌లో పిల్లల్ని పెంచి, ఆ ఏడు ఆగస్టులోనే సుమారు 2,400 కప్పల్ని వదిలారు. పెంకుపురుగేమో చెరకు పైన ఆకుల్లో, దాని పిల్లపురుగేమో మట్టి అడుగున. నేలమీద గెంతే కప్పకు పైదీ అందలేదు, కిందదీ అందలేదు. అది చేలు వదిలి దేశం మీద పడింది. వాల్టర్ ఫ్రాగట్ అనే పెద్దాయన వద్దు మొర్రో అని ముందే మొత్తుకున్నాడు. ప్రభుత్వం కొన్నాళ్లు ఆపి, 1936లో మళ్లీ తలుపులు తెరిచింది. ఇవాళ వీటి సంఖ్య ఇరవై కోట్లు దాటి ఉంటుందని ఒక అంచనా.

కేన్ టోడ్ ఎవరినీ వెంటపడి కరవదు. దాన్ని తిన్నవాళ్లే చస్తారు. భుజాల మీది రెండు గ్రంథుల్లో, గుండెను ఆపేసే విషం ఉంటుంది. ఈ ఖండంలో అంతకుముందు ఈ జాతి లేదు కాబట్టి ఇక్కడి జంతువులకు ఆ విషం అలవాటు లేదు. ఉడుములు, పాములు, పిల్లి సైజులో ఉండే క్వోల్ అనే మాంసాహారి, మంచినీటి మొసళ్లు అన్నీ మామూలు కప్పే కదా అని నోట కరుచుకుని చచ్చిపోయాయి. విక్టోరియా నదిలో కొన్నిచోట్ల టోడ్లు వచ్చాక మొసళ్లు 77 శాతం వరకు తగ్గిపోయాయి. 2001లో కకాడు నేషనల్ పార్కుకు చేరి, 2009లో పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దును దాటిన ఈ దండు ఇంకా పడమటికి నడుస్తూనే ఉంది.

ఇంత నష్టం చేసింది కాబట్టి దీన్ని హింసించినా ఫరవాలేదన్న మాట ఇక్కడ పాతది. 2005లో నార్తర్న్ టెరిటరీ ఎంపీ ఒకాయన గోల్ఫ్ కర్రతోనో, క్రికెట్ బ్యాటుతోనో కొట్టండని చెబితే జంతుసంక్షేమ సంఘాలు మండిపడ్డాయి. మా పక్కింటి పెద్దాయనా ఆ బాపతే. ఒకరోజు కంచె మీదుగా, "దానికంత మర్యాదెందుకోయ్, ఒక్కటివ్వు" అన్నాడు. "ఇది తనంతట తాను ఓడెక్కి రాలేదు కదండీ, మనుషులే తెచ్చారు" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నిజానికి ఈ పనిలో మొదటి పాఠం అదే. కోపం ఉన్నవాడి చెయ్యి తొందరపడుతుంది. తొందరపడ్డ చేతికి ఏ కప్పయినా ఒకటే.

ఇక్కడి నేల కప్పలు కొన్ని చీకట్లో చూస్తే అచ్చం టోడ్ పిల్లల్లాగే ఉంటాయి. అందుకని పట్టుకునే ముందు కూర్చుని చూడాలి. టార్చి వెలుగు పక్కనుంచి వేస్తే కళ్ల పైనుంచి ముక్కు దాకా ఎముక గట్టు ఒకటి నీడతో సహా కనబడుతుంది. చెవి వెనక, భుజం మీద ఉబ్బిన గ్రంథి. చర్మం పొడిగా, బొడిపెలతో ఉంటుంది. ముందుకాళ్ల మీద ఛాతీ ఎత్తి నిటారుగా కూర్చుంటుంది, ముందరి వేళ్ల మధ్య పొర ఉండదు. గట్టు, గ్రంథి రెండూ కనబడితేనే నా చెయ్యి కదులుతుంది. పిల్ల టోడ్లలో గ్రంథి సరిగ్గా తెలియదు. అనుమానం వస్తే ఫొటో తీసి, తెలిసినవాళ్లకు చూపించి, అప్పటికి వదిలేయడమే. ఒక టోడ్ తప్పించుకుపోతే రేపు దొరుకుతుంది. పొరబాటున చంపిన స్థానిక కప్ప మళ్లీ రాదు.

పట్టుకోవడానికి రబ్బరు తొడుగులు, మూతున్న బకెట్టు చాలు. చంపే పద్ధతి మాత్రం జనం దాకా రావడానికి చాలాకాలం పట్టింది. ఒకప్పుడు ఫ్రీజర్ వద్దనేవారు, ఒంట్లో మంచు పలుకులు గుచ్చుకుని నొప్పి పుడుతుందేమోనని. టోడ్ల మీద పరిశోధించే రిక్ షైన్ బృందం వాటి మెదడు చర్యను కొలిచి 2015లో ఆ సందేహం తీర్చింది. కప్పది చల్లని రక్తం. చుట్టూ చలి పెరిగేకొద్దీ ఒళ్లూ చల్లబడి, మెదడు మెల్లగా మాగన్నుకు జారుకుంటుంది. గడ్డకట్టే వేళకు నొప్పి తెలిసే స్థితిలో ఉండదు. కాబట్టి మొదట మామూలు ఫ్రిజ్‌లో ఒక రోజు, కదలిక పూర్తిగా ఆగాక ఫ్రీజర్‌లో ఇంకో రోజు, రెండు రోజులు. నేరుగా ఫ్రీజర్‌లో పడేయకూడదు. ఉప్పు చల్లడం, డెటాల్ కొట్టడం, బండి కింద తొక్కించడం లాంటి పాత వేషాలు అసలే వద్దు.

మా ఇంట్లో దీనికి మొదటి అడ్డంకి వంటగదిలోనే వచ్చింది. "ఏమండీ, ఆవకాయ జాడీ పక్కన ఆ కప్పల్ని పెడతారా? పెడితే నేను వంటింట్లోకి రాను" అంది మా ఆవిడ. న్యాయమైన మాట. గరాజులోకి ఒక పాత చిన్న ఫ్రిజ్ కొన్నాను. దాని మీద "కప్పలు. తెరవొద్దు" అని తెలుగులో రాసి అతికించింది కూడా ఆవిడే. చచ్చినా టోడ్ విషం చావదు. అందుకే కుక్కలు తవ్వలేనంత లోతున పాతిపెట్టాలి, లేకపోతే సంచిలో మూటగట్టి చెత్తడబ్బాలో వెయ్యాలి. పెంపుడు కుక్క ఎప్పుడైనా నోట కరుచుకుంటే తడిగుడ్డతో చిగుళ్లను బయటివైపుకు తుడుస్తూ వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇంతా చేసి పెద్ద కప్పల్ని ఏరడం ఈ పనిలో రెండో మెట్టే. మొదటి మెట్టు నీళ్ల దగ్గర ఉంది. ఒక ఆడ టోడ్ ఒక్కసారికి ఎనిమిది వేల నుంచి ముప్పై అయిదు వేల దాకా గుడ్లు పెడుతుంది. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే కుంటగట్టున వంగి చూస్తే గడ్డిపోచలకు మెలికలు తిరిగిన జిగురుతాడు కనబడుతుంది. నానిన సబ్జా గింజల్ని వరసగా తాడుకు గుచ్చినట్టు నల్లటి చుక్కలు. ఇక్కడి స్థానిక కప్పలేవీ ఇలా పొడుగు తాడుగా పెట్టవు. కొన్ని నురగలో, కొన్ని ముద్దగా పెడతాయి. కాబట్టి ఇక్కడ పొరబాటుకు తావులేదు. తొడుగు వేసుకుని తాడును బయటికి లాగి ఎండలో ఆరబెడితే, నొప్పి తెలిసే ప్రాణం ఇంకా రూపుకట్టకముందే వేల కప్పలు ఆగిపోతాయి. ఇంతకు మించిన జాలి ఈ వేటలో మరొకటి లేదు.

గుడ్లు పగిలి పిల్లలైపోతే, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో రాబ్ కేపన్, సిడ్నీలో షైన్ బృందాలు కనిపెట్టిన ఉచ్చు ఉంది. టోడ్ విషం నుంచి తీసిన ఎరను నీళ్లలో పెడితే టోడ్ తోకపిల్లలే గుంపుగా వచ్చి పడతాయి, స్థానిక కప్పల పిల్లలు దూరంగా ఉంటాయి. వాటర్‌గమ్ అనే సంస్థ ఈ ఎరల్ని జనానికి అందిస్తోంది, ఏటా జనవరిలో దేశమంతా టోడ్ల ఏరివేత వారం కూడా నడుపుతోంది. వీటన్నిటికన్నా తేలికైనది, కుంట చుట్టూ మొక్కలు ఒత్తుగా పెంచడం. టోడ్‌కు బోడిగట్టు, కురచగడ్డి ఇష్టం, దట్టమైన పొద నచ్చదు. అర మీటరు ఎత్తు కంచె వేసినా దాన్ని ఎక్కలేదు, చెట్టుకప్పలు హాయిగా ఎక్కిపోతాయి. రాత్రి వాకిట్లో లైటు ఆర్పి, కుక్క గిన్నె లోపల పెట్టుకుంటే టోడ్లకు సగం విందు తప్పినట్టే.

ఇలా ఏరితే దేశంలోంచి టోడ్లు పోతాయా అంటే పోవు. ఒక పెరడు, ఒక కుంట, ఒక వాగు కాపాడుకోగలం, అంతే. దేశం మొత్తానికి కావలసిన దారి వేరు. అది నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. టోడ్‌ను తినకూడదని జంతువులకే నేర్పడం. వాంతి తెప్పించే మందు కలిపిన టోడ్ మాంసాన్ని క్వోల్‌లకు పెడితే అవి చాలావరకు మళ్లీ టోడ్ జోలికి పోలేదని 2010లో తేలింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీలో బునూబా ఆదివాసీ రేంజర్లు, మాక్వారీ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి విషపు భాగాలు తీసేసిన టోడ్ కళేబరాల్లో అలాంటి మందే నింపి మొసళ్లకు వేలాడదీశారు. టోడ్లు అప్పటికే చేరిన చోట మొసళ్ల చావులు 95 శాతం తగ్గాయని 2024లో ప్రకటించారు. రకాలి అనే నీటి ఎలుకయితే ఎవరూ నేర్పకుండానే టోడ్‌ను వెల్లకిలా తిప్పి, ఛాతీ కోసి, గుండె, కాలేయం తిని విషం జోలికి పోకుండా బతుకుతోంది.

ఆస్ట్రేలియా గోల మనకెందుకు అనుకునేవాళ్లకు ఒక మాట. మన పెరట్లో తిరిగే బోదురుకప్ప జాతే మడగాస్కర్‌లో దిగి, అక్కడి పాములకు, ఇతర ప్రాణులకు ఇదే ముప్పు తెచ్చిందని 2014లో బయటపడింది. పొలాల్లో మన పంటల్ని కాపాడే పెద్ద పసుపు కప్ప, తెలుగువాళ్లు ఎందరో స్థిరపడ్డ అండమాన్‌కు చేరింది, దాని తోకపిల్లలు అక్కడి కప్పల తోకపిల్లల్ని తింటున్నాయి. మన చెరువుల్లో వలలు చింపేసే ముళ్ల చేప కూడా ఎవరి అక్వేరియంలోనో పెరిగిందే. ఏ జీవీ తన ఊళ్లో దొంగ కాదు.

క్వీన్స్‌లాండ్‌లో పెరడున్న తెలుగువాళ్లకు నా విన్నపం ఇది. కర్ర పక్కన పెట్టండి, ఫొటో తీయండి, ఫ్రిజ్‌లో చోటు చూడండి, వాన వెలిసిన మర్నాడు నీళ్లగట్టు వెతకండి. మన దేశంలో ఉన్నవాళ్లకు ఇంకా చిన్న పని. పెంచి విసుగొచ్చిన చేపనూ, తాబేలునూ చెరువులో వదలకండి. అమ్మినవాడికే తిరిగివ్వండి.