నాటని చేలు, విన్న మాటలు

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు ‘క్రాప్ హాలిడే’ అంటూ వేల ఎకరాలు నాటకుండా వదిలేశారు. కారణాలు తేల్చమని రాష్ట్ర ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి మోహన్ కందా ఆధ్వర్యంలో కమిటీ వేసింది.

ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. 75 కిలోల బస్తాకు 810. ఈ లెక్క ఎవరు వేసినా ఒకటే. ఆ ధర గిట్టదని ఒకరు, ఉపాధి హామీ వచ్చాక కూలీలు దొరకట్లేదని ఇంకొకరు, మురుగు కాలువలు పూడి చేలు మునుగుతున్నాయని మరొకరు చెబితే ఏ మాట ఎంత బరువో తూచడానికి రాళ్లుండవు. గుణాత్మక పరిశోధన మొదలయ్యేది అక్కడే.

చాలామంది తప్పటడుగు వేసేదీ అక్కడే. ‘నలభై మందితో మాట్లాడాం’ అని సంఖ్య చూపించి గట్టెక్కాలనుకుంటారు. ఆ నలభై మందీ ఊళ్లో భూమి, అమలాపురంలో కాపురం ఉన్న ఆసాములైతే? నాలుగు వందల మందిని అడిగినా వినిపించేది ఒకే గొంతు. కొబ్బరి తోట కూడా ఉన్న ఆసామికి ఒక పంట పోయినా గడుస్తుంది; కౌలు రైతు సంగతి వేరు. ‘కూలీల కొరత’ అన్న మాటను కొత్తపేట వైపు నాట్లు వేసే ఆడవాళ్ల ముందు పెడితే, కూలి ఎంత ఇస్తారన్న ఎదురు ప్రశ్న రావచ్చు.

పరిశోధన పద్ధతుల మీద రాసిన లింకన్, గూబా 1985లో తెచ్చిన ‘నేచురలిస్టిక్ ఎంక్వయిరీ’ పుస్తకం ఇలాంటి పరిశోధనను నమ్మడానికి కొలమానాలు చెప్పింది. తేలినదాన్ని చెప్పినవాళ్లకే తిరిగి వినిపించాలి. నోటు పుస్తకం నుంచి తీర్మానం దాకా వచ్చిన దారిని మరొకరు పరిశీలించేలా భద్రపరచాలి. తమ వాదనకు అడ్డుపడే ఉదాహరణను పనిగట్టుకుని వెతకాలి. ఈ చివరిదే కష్టం, అందుకే ఎక్కువగా ఎగిరిపోయేదీ అదే. రాజోలు వైపు అదే ధరకు, అదే మురుగులో నాటు వేసిన రైతు ఒక్కరు దొరికినా ‘ఎందుకు వేశారు?’ అని అడగాల్సిందే.

ఇలా ఒకే విషయాన్ని పలు కళ్లతో చూడటం మనకు కొత్త కాదు. హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట గ్రామాన్ని అధ్యయనం చేయడానికి మానవ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే ఒక్కడే వెళ్లలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి వేర్వేరు విభాగాల వాళ్లను వెంటబెట్టుకెళ్లాడు. దాని ఫలితమే 1955 నాటి ‘ఇండియన్ విలేజ్’ పుస్తకం.

2022లో కోనసీమలో క్రాప్ హాలిడే మాట మళ్లీ వినిపించింది. దానిమీద థీసిస్ రాసే విద్యార్థులకు ఒక విన్నపం: ఇంటర్వ్యూల సంఖ్యను ఒక్క వాక్యంలో ముగించండి, మీ తీర్మానానికి పొసగని మాటలకు ఒక అధ్యాయం ఇవ్వండి.