బొమ్మా? బొరుసా?

"వేదికనలంకరించిన పెద్దలకు, గురువులకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు నా నమస్కారాలు." ఇంతవరకూ ఏ పిల్లా తడబడదు. తంటా అంతా తర్వాతి వాక్యంతోనే. చూపు పైకప్పుకు పోతుంది, వేళ్లు చున్నీ కొసను మెలిపెడతాయి, ముందు వరసలో కూర్చున్న టీచరు పెదాలు కదిపి మాట అందిస్తుంది. మన ఊళ్లలో వక్తృత్వ పోటీ అంటే నా చిన్నప్పటి నుంచీ ఇదే తంతు.

నేనూ ఆ బాపతే. ఏడో తరగతిలో ఉండగా గ్రంథాలయ వారోత్సవాల్లో, అంటే నవంబరు 14 నుంచి 20 దాకా జరిగేవాటిలో, గ్రంథాలయాల ఆవశ్యకత మీద మాట్లాడి స్టీలు గ్లాసు గెలిచాను. మాస్టారు రాసిచ్చారు, నేను అప్పజెప్పాను. గ్లాసు ఇప్పటికీ వంటింట్లో ఉంది. ప్రసంగంలో మాత్రం ఒక్క ముక్కా గుర్తు లేదు. గుర్తుండటానికి అందులో నా మాట ఏదీ?

ఆ బాకీ తీర్చుకుందామనే, రిటైరయ్యాక వేసవి సెలవుల్లో మార్టూరులో ఓ ఇరవై మంది పిల్లల్ని పోగేస్తున్నాను. ఆరు నుంచి పదో తరగతి దాకా చదివేవాళ్లు. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి, ఎండ ముదరకముందే వదిలేస్తాను. ఎనిమిది దాటితే అవతల గ్రానైటు కోత మిషన్లు అందుకుంటాయి. కాబట్టి గొంతు పెంచడం నేను ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. నమస్కారాల వాక్యాన్ని మొదటి రోజే తాలు కాయల్లా ఏరి పక్కన పోస్తాం.

మొదట్లో నేనొక పొరపాటు చేశాను. ఎవరికి నచ్చిన పక్షం వాళ్లను తీసుకోమనేవాణ్ణి. ఇంట్లో విన్న మాటే ఇక్కడికొచ్చి గట్టిగా అరిచేవాళ్లు. అవతలివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ తమ తర్వాతి మాట నెమరేసుకునేవాళ్లు తప్ప వినేవాళ్లు కాదు.

ఆ పద్ధతి మార్చింది అమెరికా నుంచి సెలవులకొచ్చిన పక్కింటివారి మనవడు. అక్కడి స్కూళ్లలో వాదన కూడా ఒక ఆటే. దానికి 1925లో పుట్టిన జాతీయ సంఘం ఉంది, జిల్లా పోటీలున్నాయి, వేసవి శిబిరాలున్నాయి. "తాతగారూ, మాకైతే టాస్ వేస్తారు" అన్నాడు వాడు. అప్పట్లో వాడు ఆడిన పబ్లిక్ ఫోరం పోటీలో నాణెం ఎగరేసేవారట. గెలిచిన జట్టు పక్షాన్నో, మాట్లాడే వరసనో ఎంచుకునేది. మిగిలింది అవతలి జట్టుది. అందుకే అనుకూలం, ప్రతికూలం రెండూ సిద్ధం చేసుకుని వెళ్లేవాళ్లట.

వింటుంటే నాకు రాయబారం సీను గుర్తొచ్చింది. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడని తిరునాళ్ల ఉండేది కాదు మా వైపు. ఈ ఊళ్లో కృష్ణుడు కట్టినాయన పై ఊళ్లో దుర్యోధనుడు కట్టేవాడు. కృష్ణుడి పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన చేతులే దుర్యోధనుడి పద్యానికీ కొట్టేవి. రెండు పక్షాలనూ చెవిపెట్టి వినడం మన రైతులకు కొత్తేమీ కాదన్నమాట. కొత్తల్లా పిల్లలకే.

వినడమే కాదు, వాదించడమూ మనకు పాతదే. ప్రాచీన తర్కగ్రంథమైన న్యాయసూత్రాలు వాదనను మూడుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడి మాటను కొట్టిపారెయ్యడమే వితండం. మూడింట్లో మన రోజువారీ మాటల్లో తిట్టుగా స్థిరపడింది వితండవాదమే. దేనితో ఎక్కువ అవసరం పడిందో దాని పేరే మిగిలిందేమో!

అందుకని మా దగ్గర రెండే నియమాలు. ఒకటి, పక్షం నాణెం చెబుతుంది. రెండు, అవతలివాళ్ల మాటను వాళ్లు "అవును, ఇదే మేమన్నది" అనేలా ముందు చెప్పాలి. ఆ తర్వాతే జవాబు. పాతవాళ్లు పూర్వపక్షం అన్నది దీన్నే.

2025 మేలో పిల్లలకిచ్చిన విషయం: మిరపకాయలు కల్లంలోనే అమ్ముకోవాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలా? ఆ ఏడు ధర పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సొచ్చింది. పిల్లలందరి ఇళ్లలోనూ ఇదే గోల. తొమ్మిదో తరగతి అమ్మాయికి బొరుసు పడింది: కల్లంలోనే అమ్మెయ్యాలి. వాళ్ల నాన్న మిరప బస్తాలన్నీ కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి. ఆ పిల్ల మొహం మాడ్చుకుని ఇంటికెళ్లింది.

మర్నాడు లేచి, ముందు నియమం ప్రకారం అవతలి పక్షం చెప్పింది. "పంటంతా ఒక్కసారే యార్డు మీద పడితే ధర చెప్పేది కొనేవాడే. దాచుకున్నవాడికి కనీసం కాదనే వీలుంటుంది." ఆ పక్షాన మాట్లాడాల్సిన అబ్బాయి కూడా ఇంత తేటగా చెప్పలేదు. ఆ తర్వాత తన పక్షానికొచ్చింది. కోల్డ్ స్టోరేజీ అద్దె, తెచ్చిన అప్పు మీద వడ్డీ, అందరూ దాచితే వచ్చే ఏటి కొత్త పంట నెత్తిన పడే పాత సరుకు. మూడూ మూడు వేళ్లు మడిచి చెప్పి కూర్చుంది. పైకప్పు వంక ఒక్కసారీ చూడలేదు.

ఎవరు గెలిచారో మేం ప్రకటించం. పిల్లలు పోయాక చూస్తే వసారా స్తంభం పక్కన వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు.

"ఏంది మాస్టారూ, మా పిల్ల చేత నా మీదే కేసు వేయించారా?" అన్నాడు నవ్వుతూ. కాసేపాగి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అన్నాడు: "రాత్రి చీటీలన్నీ ముందేసుకుని పదకొండింటిదాకా లెక్కలడిగింది. ఎందుకు దాచావు నాన్నా అని మా ఇంట్లో ఇంతవరకూ నన్నెవరూ అడగలేదండీ."