నడిచి కొలిచే తల్లి

చెరకు తోటలో ఆకు అడుగున గుచ్చిన ట్రైకో కార్డును దగ్గరగా చూడండి. అట్ట నిండా నల్లని ఇసుక రేణువుల్లా గుడ్లు అంటించి ఉంటాయి, ఒక్క సీసీకి సుమారు 20 వేలు. అవి కార్సైరా అనే రెక్కల పురుగు గుడ్లు. లోపల పెరుగుతున్నది మాత్రం ట్రైకోగ్రామా. పెద్దదైనా ఒక మిల్లీమీటరు కూడా ఉండని కందిరీగ. పైరును తినే పురుగును గుడ్డులోనే మట్టుపెడుతుందని దీనికి పేరు. ఆ సంగతి రైతులకు తెలిసిందే. నాకు ముచ్చటేసేది అది కొలిచే తీరు.

దాని పిల్లలు పెరిగేది పరాయి గుడ్డులో. అందులో ఉన్న తిండి అంతే, బయటినుంచి మెతుకు రాదు. ఎక్కువమంది పిల్లల్ని పెడితే అందరూ గిడసబారిపోతారు, తక్కువ పెడితే తిండి వృథా. అందుకని తల్లి ముందు గుడ్డెక్కి, మీసాలతో తడుముతూ ఈ అంచు నుంచి ఆ అంచుకు నడుస్తుంది. ఆ తొలి నడకకు పట్టిన సమయాన్ని బట్టే ఎన్ని పెట్టాలో తేల్చుకుంటుంది. ష్మిట్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు 1980లలో ఆ నడకకు అడ్డం పెట్టి చూశారు. నడక త్వరగా ముగిసింది, తల్లి తక్కువ గుడ్లే పెట్టింది. అంత చిన్న తలలో గడియారం ఎక్కడ పట్టిందో!

కొలత అయ్యాక సూదిలాంటి అవయవంతో పెంకుకు బెజ్జం వేస్తుంది. ఆడా మగా అన్నది కూడా తన చేతిలోనే ఉంది. దాచుకున్న వీర్యం తగిలిన గుడ్డు కూతురు, తగలనిది కొడుకు. అన్నాచెల్లెళ్లే అక్కడికక్కడ జతకడతారు కనుక కొడుకులు కొద్దిమంది చాలు. మనకు ఎబ్బెట్టుగా ఉన్నా లెక్క మాత్రం తప్పదు.

మూడు నాలుగు రోజులకు పెంకు నల్లబడుతుంది. ఆ తర్వాత గుండ్రటి కన్నం కొరుక్కుని కొత్త కందిరీగ బయటపడుతుంది.

చిత్రమేమిటంటే, కార్సైరా గుడ్డులో మామూలుగా ఒక్క పిల్లే పడుతుంది. కాబట్టి కార్డులు తయారుచేసే పెంపకశాలలో ఈ కొలత విద్యకు పెద్ద పని లేదు. అక్కడివాళ్లు చూసుకోవలసింది వేరు: కార్సైరా పిల్ల గుడ్డు పగిలి బయటికొచ్చి పక్క గుడ్లను తినేయకుండా, అతినీలలోహిత కాంతితో ముందే గుడ్డులోని పిండాన్ని చంపేస్తారు.

కందిరీగ ఎక్కువ దూరం ఎగరలేదు. అందుకే కార్డును ముక్కలు చేసి తోటంతా పంచుతారు. కార్డును ఆకు అడుగున గుచ్చడానికీ కారణం ఉంది: చెరకును తొలిచే పీక పురుగు తల్లి గుడ్లు పెట్టేదీ అక్కడే. కార్డు పెట్టిన రోజుల్లో పురుగుమందు కొట్టారా, కార్డు డబ్బులు దండగ.