దొంగకు దారి, పోలీసుకు పని

లాస్ శాంటోస్‌లో ఫ్లీకా బ్యాంకు. లోపల ముసుగులేసుకున్న ముగ్గురు, వాళ్ల చేతిలో ఒక బందీ. బయట పోలీసు కార్లు వరసగా ఆగి ఉన్నాయి. తుపాకులున్నా ఎవరూ పేల్చరు. తలుపు దగ్గరకొచ్చిన పోలీసు ‘ఏం కావాలి?’ అని అడుగుతాడు. బందీని వదిలేస్తాం, రోడ్డు మీద ముళ్లపట్టీలు పరవొద్దంటారు దొంగలు. బేరం కుదురుతుంది. ఆ తర్వాతే అసలు ఛేజ్.

లాస్ శాంటోస్ 2013లో వచ్చిన జీటీఏ 5 ఆటలోని ఊహా నగరం. ఆ ఆటలో మామూలుగా పోలీసులను నడిపేది కంప్యూటర్. నేరం చేస్తే పోలీసుల వేట తీవ్రతను చూపే నక్షత్రాలు పెరుగుతాయి, కాసేపు దాక్కుంటే పోతాయి. అదే ఆటను ఫైవ్ఎం అనే మాడ్ ద్వారా సొంత సర్వర్లలో ఆడేవాళ్లకు ఆ సౌలభ్యం లేదు. నోపిక్సెల్ వంటి, ప్రతి ఒక్కరూ ఒక పాత్రగా ఆడే రోల్‌ప్లే సర్వర్లలో పోలీసు కూడా ఇంకో మనిషే. అతనికీ ఆ రాత్రి ఆట బాగుండాలి. పాత జీటీఏ ఆటకు వచ్చిన శాన్ ఆండ్రియాస్ మల్టీప్లేయర్ మాడ్ రోజుల నుంచీ నడుస్తున్న ఈ పద్ధతిలో ఇప్పుడు తెలుగులో మాట్లాడుతూ ఆడేవాళ్లూ, స్ట్రీమ్ చేసేవాళ్లూ ఉన్నారు.

రెండు పక్షాలకూ సమానమైన బలం ఇస్తే సరిపోతుందని కొత్త అడ్మిన్లు అనుకుంటారు. సరిపోదు. ఓడినవాడికి కూడా ఆడినట్టు అనిపించాలి. సర్వర్ నిలబడేది దానిమీదే.

మొదటి పట్టు సంఖ్యలో ఉంది. ఈఎస్ఎక్స్, క్యూబీకోర్ వంటి ఫ్రేమ్‌వర్కుల దోపిడీ స్క్రిప్టుల్లో, డ్యూటీలో కనీసం ఇంతమంది పోలీసులుంటేనే దోపిడీ మొదలవ్వాలని ఒక అంకె పెట్టుకోవచ్చు. చిన్న దుకాణానికి తక్కువ, పసిఫిక్ స్టాండర్డ్ బ్యాంకుకు ఎక్కువ. అడ్డుకునేవాళ్లు లేని దోపిడీ ఉత్త డబ్బు మిషన్. కానీ అంకె మరీ పెంచితే అర్ధరాత్రి ఆడే గ్యాంగులకు పనే ఉండదు. అందుకే పోలీసుతో పనిలేని చిల్లర నేరాలు కొన్ని ఎప్పుడూ తెరిచి ఉంచాలి.

కార్ల విషయం ఇంకా సున్నితం. పోలీసు కారే అన్నింటికన్నా వేగమైతే ఛేజ్ రెండు వీధుల్లో ముగుస్తుంది. మరీ నెమ్మదైతే అరెస్టే ఉండదు. హెలికాప్టర్ పైకి లేచిందంటే దొంగకు సొరంగాలు, పార్కింగ్ భవనాలే దిక్కు. కాబట్టి అది ఎప్పుడు లేవచ్చో ముందే రాసుకోవడం మంచిది.

స్క్రిప్టు చేయలేని పని నియమాలు చేస్తాయి. పాత్రకు తెలియని సంగతిని వాడుకోవడం మెటాగేమింగ్: గ్యాంగులో ఒకరి స్ట్రీమ్ చూసి పోలీసు నేరుగా వాళ్ల స్థావరానికి రావడం అలాంటిదే. అవతలివాడికి స్పందించే వీలే ఇవ్వకపోవడం పవర్‌గేమింగ్. తలకు తుపాకీ పెట్టినా బెదరని దొంగ ప్రాణభయం నియమాన్ని మీరినట్టే. పోలీసు వైపునా అంతే: ఎదుటివాడు తుపాకీ తీయనంతవరకు టేజర్‌తో సరిపెట్టుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైన లెక్క శిక్షది. జైలు ‘నెలలు’ చాలాచోట్ల నిజంలో నిమిషాలు. అయినా రెండు గంటలు ఆడేందుకు వచ్చినవాడిని ముప్పావుగంట గదిలో కూర్చోబెడితే అతను మళ్లీ రాడు. మరీ తగ్గిస్తే పోలీసు శ్రమకు విలువుండదు. ఇక్కడ కాలం కన్నా కథే మేలు. రాలిన తూటా తొడుగులు, రక్తపు చుక్కలు, వేలిముద్రలతో కేసు కడితే లాయరుకు వాదన దొరుకుతుంది, జడ్జి పాత్ర వేసినవాడికి పని దొరుకుతుంది, దొంగకు తప్పించుకునే ఆశ మిగులుతుంది.

పోలీసు పాత్రకు మనుషులు దొరకడమే చాలా సర్వర్లకు పెద్ద చిక్కు. శిక్షణ, రిపోర్టులు, ప్రతి తప్పుకీ ఫిర్యాదు. చూసేవాళ్ల చప్పట్లేమో ఎక్కువగా దొంగకే. ఒకే ఆటగాడికి పోలీసు పాత్ర ఒకటి, నేరస్థుడి పాత్ర ఒకటి ఉండనిస్తే ఈ భారం కొంత తగ్గుతుంది. ఒక పాత్రకు తెలిసింది ఇంకో పాత్ర నోట రాకూడదన్న షరతు మాత్రం గట్టిగా అమలు చేయాలి. బేడీలు వేయించుకున్న అనుభవం ఉన్న ఆటగాడు, రేపు బేడీలు వేసేటప్పుడు ఎదుటివాడిని రెండు మాటలు మాట్లాడనిస్తాడు.