అరుగు మీద ఆశా దీదీ

ఈ వారం బరంపురంలో ఆశా దీదీలకి మానసిక ఆరోగ్యం మీద శిక్షణ ఇస్తుంటే, తెలిసినవాళ్ళు రమ్మన్నారని వెళ్ళి వెనక కూర్చున్నాను. కాసేపటికే ఒళ్ళు మండింది. ముగ్గురేసి ఆడవాళ్ళని జట్టు కట్టారు. ఒకావిడ కష్టం చెప్పుకోవాలట, ఇంకొకావిడ వినాలట, మూడో ఆవిడ ఆ వినడం ఎలా ఉందో కాగితం మీద రాయాలట. ఊరందరి పురుళ్ళకీ రోగాలకీ పరుగెత్తే మనుషులకి వినడం నేర్పుతారా!

తర్వాత ఏం వస్తుందో ఈ కాలమ్ చదివేవాళ్ళకి తెలుసు. అవును, ఒకరి గోడు ఒకరు వినే అరుగులే. పాత బరంపురంలో అరుగులు కొట్టేసి స్కూటర్లు ఎక్కించుకోవడానికి సిమెంటు వాలు పోసుకున్నప్పటి నుంచే మనకి దిగుళ్ళు ఎక్కువయ్యాయని నా మొండివాదం. దానికి ఆఫ్రికా నుంచి కూడా సాక్ష్యం తెచ్చుకున్నాను. డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో జింబాబ్వే రాజధాని హరారేలోని ఎంబారేలో 14 మంది అవ్వలతో ఒక పని మొదలుపెట్టాడు. ఆసుపత్రి ఆవరణలో చెక్క బెంచీ, దాని మీద అవ్వ, పక్కన దిగులుతో వచ్చిన మనిషి, అంతే. ఆ బెంచీ దగ్గరికి వెళ్ళినవాళ్ళు మామూలు వైద్యం అందినవాళ్ళకంటే ఆర్నెల్లకి బాగా తేరుకున్నారని 2016లో పరిశోధన వెలువడింది. మన అరుగే కదా అది!

కానీ ఆ శిక్షణ గదిలో కూర్చున్నంతసేపూ ఫైలిన్ తుపాను గుర్తొస్తూనే ఉంది. 2013 అక్టోబరు 12 రాత్రి అది గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. పిన్ని వరసావిడ ఇంటి రేకులు ఆ గాలికి లేచిపోయాయి. తెల్లారేసరికి చుట్టాలూ ఇరుగుపొరుగూ ఇంటినిండా చేరారు. ఒక్కరూ ఉత్త చేతులతో రాలేదు, ఒక్కరూ ఊరుకోనూ లేదు. "ఎలా ఎగిరిపోయాయే? అప్పుడు నువ్వెక్కడున్నావు?" అని వచ్చినవాళ్ళల్లా మొదటి నుంచీ చెప్పించుకున్నారు. చెప్పేకొద్దీ ఆవిడ చేతులు మరీ వణికాయి. తలచుకుంటే గుండె తేలికవుతుందని అందరి నమ్మకం. ఒకప్పుడు చదువుకున్న కౌన్సెలర్లూ అదే చేసేవారు. అలా ఒక్కసారి కూర్చోబెట్టి అంతా తవ్వి చెప్పించడం వల్ల మేలు లేదని, కొందరికి కీడే జరగవచ్చని తర్వాత తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకం చెప్పించమనదు. చూడు, విను, కావలసినదానితో కలుపు అంటుంది.

పిన్నిని అలా కలిపినవాడు నీళ్ళ ప్యాకెట్లు పంచడానికి వచ్చిన ఓ కుర్రాడు. రేకుల మాటే ఎత్తలేదు. "ముందు మీకేం కావాలి పిన్నీ?" అన్నాడు. కొడుకు సూరత్‌లో ఉన్నాడు. మా గంజాం జిల్లా కుర్రాళ్ళు చాలామంది అక్కడి పవర్‌లూమ్‌ల దగ్గరే కదా. ఇక్కడ కరెంటు లేదు, సెల్ టవర్లు పనిచేయడం లేదు. ఆవిడ బతికుందని కొడుక్కి చెప్పాలి, కావలసిందంతా అదే. నంబరు కాగితం మీద రాసుకుని, సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ సైకిలు మీద పోయాడు.

మళ్ళీ శిక్షణ గదికి వద్దాం. సూరత్‌కి మొగుణ్ణి పంపిన ఇల్లాలి వేషం వేసినావిడ "ఇంక బతికి ఏం లాభం?" అంది. వింటున్నావిడ వెంటనే చెయ్యి పట్టుకుని, "అలా అనకూడదమ్మా, పిల్లల మొహం చూసుకో" అంది. గదంతా తలలూపింది. శిక్షకురాలు ఆపేసింది. "ఆవిడ నోరు మూయించావు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని అడుగు" అంది. ఎవరికీ నోరు పెగల్లేదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మన భయం. అలా పుట్టదని పరిశోధనలు ఎప్పుడో చెప్పాయి. అయినా ఆ ఒక్క వాక్యం నోట రావడానికి ఆ దీదీ ఎన్నిసార్లు తడబడిందో! అరుగు మీద ఏ ముసలమ్మా ఈ ప్రశ్న అడగదు. అడిగినా, వచ్చిన జవాబు పొద్దు గుంకేలోగా వీధి చివరికి చేరుతుంది. హరారే అవ్వలు ఊరికే కూర్చోలేదు. వాళ్ళ చేతిలో 14 ప్రశ్నల పత్రం ఉండేది, సమస్యని ముక్కలు చేసి ఒకటి ఎంచుకునేలా చేయడంలో శిక్షణ ఉండేది. వెనక కనిపెట్టుకుని ఉండే పెద్దలుండేవారు.

మన దీదీలకి ఆ చివరిదే కొరత. ఫొటోలు అయ్యాయి, సర్టిఫికెట్లు ఇచ్చారు. వచ్చే నెల ఎవరో "అవును, అనిపిస్తోంది" అంటే? 14416 నొక్కితే టెలీ మానస్ అనే సర్కారు మానసిక సహాయ లైనులో తెలుగులోనూ ఒడియాలోనూ పలుకుతారు. ఆ నంబరు ఇల్లాలి చేతికివ్వచ్చు. ఆ మాట విని ఇంటికెళ్ళిన దీదీ ఎవరితో చెప్పుకోవాలి? ఎంకేసీజీ వైద్య కళాశాలలో మానసిక వైద్య విభాగం ఊళ్ళోనే ఉంది. అక్కడి నుంచి నెలకోసారి ఒకరు వచ్చి దీదీలు చెప్పేది వింటామంటే, ఆ పూట టీలూ వడలూ నా ఖర్చు. చోటు కావాలంటే మా ఇంటి అరుగు ఇంకా కొట్టించలేదు. కాకపోతే తలుపేసుకుని లోపల కూర్చోవడమే మేలు.