గాయాల పొడగరి కోసం బేరం

1985 వేసవిలో బిల్ వాల్టన్ తన బేరం తానే మొదలుపెట్టాడు. అప్పటికి లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌లో ఉన్నాడు, వయసు ముప్పై రెండు. పోర్ట్‌లాండ్‌ను 1977లో ఛాంపియన్‌గా నిలబెట్టి, మరుసటి ఏడు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మొత్తానికీ ఉత్తమ ఆటగాడనిపించుకున్న సెంటర్. ఎత్తు ఆరడుగుల పదకొండంగుళాలు. ఆ తర్వాత పాదాల గాయాలు అతని సీజన్లు మూడింటిని పూర్తిగా మింగేశాయి, మిగిలినవాటిని సగం సగం చేశాయి. గెలిచే జట్టులో ఒక్కసారి ఆడాలన్న ఆశతో ముందు లేకర్స్‌కు ఫోన్ చేశాడు. నీ పాదాల ఎక్స్‌రేలు చూశాను, కుదరదు అన్నాడట లేకర్స్ జనరల్ మేనేజర్ జెర్రీ వెస్ట్. తర్వాత బోస్టన్ సెల్టిక్స్‌కు చేశాడు. సెల్టిక్స్ అధ్యక్షుడు రెడ్ ఆవర్‌బాక్ ఫోన్ ఎత్తినప్పుడు అదే గదిలో జట్టు స్టార్ లారీ బర్డ్ ఉన్నాడనీ, వాల్టన్ పేరు వినగానే తెచ్చుకుందామన్నాడనీ వాల్టన్ తర్వాతి కాలంలో చాలాసార్లు చెప్పాడు.

ఈ కథలో నాకు బాగా నచ్చే సంగతి, అవసరం రెండు వైపులా ఉండటం. బోస్టన్‌కు కావలసింది రెండో సెంటర్. వాల్టన్‌కు బోస్టన్ రెండో దారి. ఎవరికీ ఎవరూ మొదటి ఎంపిక కాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. గాయాల చరిత్ర ఉన్న పొడగరిని తెచ్చుకోవడం గురించి నేను చదివిన, చూసిన వాటన్నిటిలోనూ ఇంత నిజాయితీగా మొదలైన బేరం ఇంకొకటి కనబడలేదు.

బోస్టన్ అవసరం ఎక్కడ పుట్టిందో చూడాలి. 1985 ఫైనల్స్‌లో లేకర్స్ చేతిలో 4-2తో ఓడిపోయారు. ముప్పై ఎనిమిదేళ్ల కరీం అబ్దుల్ జబ్బార్ ఆ ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు. అతనికి ఎదురు నిలవాల్సిన రాబర్ట్ పారిష్‌కు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వగల మనిషి బెంచి మీద లేడు. అంతకుముందు బెంచి మీద నుంచి వచ్చి ఆదుకునే కెవిన్ మెక్‌హేల్ మొదటి ఐదుగురిలోకి వెళ్లిపోయాడు. అతను ఖాళీ చేసిన చోటికే వాల్టన్ వచ్చాడు. బదులుగా 1981 ఫైనల్స్ హీరో సెడ్రిక్ మాక్స్‌వెల్‌నూ, ఒక మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌నూ, అంటే కొత్త ఆటగాణ్ణి ఎంచుకునే హక్కునూ, ఇచ్చారు. మాక్స్‌వెల్‌కూ మోకాలి గాయం ఉంది, అతని స్థానమూ అప్పటికే పోయింది. అంటే బోస్టన్ తన గుండెకాయను కోసి ఇవ్వలేదు.

వైద్య పరీక్ష రోజున డాక్టర్లు ఎక్స్‌రేలు చూసి తలలు అడ్డంగా ఊపుతుంటే, ఆవర్‌బాక్ లోపలికి వచ్చి ఆడగలవా అని వాల్టన్‌నే అడిగాడట. ఆడగలననుకుంటున్నాను అంటే, సరే పాస్ అన్నాడట. ఇదీ వాల్టన్ చెప్పినదే. డాక్టర్ల మాట తోసేసిన ధైర్యం అని ఈ కథను చాలామంది మెచ్చుకుంటారు. నాకైతే అక్కడ ధైర్యం కన్నా లెక్క ఎక్కువగా కనబడుతుంది. రోజూ నలభై నిమిషాలు ఆడాల్సిన మనిషి కోసమైతే ఆవర్‌బాక్ అలా అనగలిగేవాడు కాదు. వాల్టన్‌ను అడిగింది సగటున పందొమ్మిది నిమిషాల ఆట మాత్రమే. అతను రాని రాత్రి పారిష్ ఉంటాడు, మెక్‌హేల్ ఉంటాడు, బర్డ్ ఉంటాడు.

ఫలితం చరిత్రలో ఉంది. ఆ సీజన్‌లో వాల్టన్ 80 మ్యాచ్‌లు ఆడాడు. అతని జీవితంలో ఏ సీజన్‌లోనూ అన్ని ఆడలేదు. బెంచి మీద నుంచి వచ్చేవాళ్లకిచ్చే ఉత్తమ సిక్స్త్ మ్యాన్ అవార్డు అతనికే వచ్చింది. సెల్టిక్స్ 67 గెలిచి 15 ఓడారు, సొంత గడ్డ మీద 40-1. ఫైనల్స్‌లో ఒలాజువాన్, శాంప్సన్ అనే ఇద్దరు ఏడడుగుల వాళ్లున్న హ్యూస్టన్‌ను ఓడించారు. మరుసటి సీజన్‌లో వాల్టన్ ఆడింది పది లీగ్ మ్యాచ్‌లే. అందుకని ఆ బేరం చెడ్డదయిందా? లేదు. కొన్నది ఒక్క సీజన్, అది సంపూర్ణంగా దక్కింది.

ఇక్కడ ఆ పాదం గురించి కొంచెం ఆగి చెప్పాలి. పాదం లోపలి వంపుకు పైభాగంలో నావిక్యులర్ అనే చిన్న ఎముక ఉంటుంది. గెంతి దిగిన ప్రతిసారీ దాని మీద ఒత్తిడి పడుతుంది. ఆ ఎముక నడిమి భాగానికి రక్తప్రసరణ తక్కువ. అందుకే బీట వారితే అతుక్కోవడానికి నెలలు పడుతుంది, అతుక్కున్నా మళ్లీ బీట వారుతుంది. వాల్టన్‌ను కూల్చింది ఈ ఎముకే. యావో మింగ్ ఎడమ పాదంలో విరిగిందీ ఇదే. జోయెల్ ఎంబీడ్ డ్రాఫ్ట్ అయ్యాక మొదటి రెండు సీజన్లు కోర్టు మీదికి రాకపోవడానికీ ఇదే కారణం. ఎత్తు పెరిగే కొద్దీ బరువు అంతకు మించి పెరుగుతుంది, కానీ ఆ బరువు మోసే ఎముక అడ్డకొలత ఆ వేగంతో పెరగదు. కాలేజీ రోజుల్లో సిమెంట్ కోర్టుల మీద రీబౌండ్ల కోసం గెంతినవాణ్ణి. దిగేటప్పుడు ఇంకొకరి పాదం మీద దిగితే ఏమవుతుందో నా చీలమండకు తెలుసు. పెయింట్‌లో, అంటే రింగ్ కింది ఆ ఇరుకు జాగాలో, ఆడే వాళ్లందరికీ అది నిత్యకృత్యం. ఆ గాయాలను ఆటగాడి బలహీనతగా, ఇంకా ఘోరంగా అతని మనసులోని మెత్తదనంగా మాట్లాడే విశ్లేషకులంటే నాకు కోపం. ఆ శరీరం చేసే పనే అలాంటిది.

జనరల్ మేనేజర్ల ముందు పెద్ద పొడగరి పేరు వచ్చినప్పుడు అందరూ అడిగేది ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడతాడని. ఆ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా ఉండదు. అడగాల్సింది, అతను లేని రాత్రి మన జట్టు ఎలా ఉంటుందని. ఈ రెండో ప్రశ్నకు జవాబు జట్టు చేతిలోనే ఉంది. నా దృష్టిలో జట్టు కూర్చే పనిలో నైపుణ్యమంతా అక్కడే తేలుతుంది.

అదే బోస్టన్, 2023 జూన్. ఈసారి లాట్వియాకు చెందిన క్రిస్టాప్స్ పోర్జింగిస్. ఏడడుగుల రెండంగుళాలు, 2018లో ఎడమ మోకాలి లిగమెంట్ తెగిన మనిషి. అతన్ని వాషింగ్టన్ నుంచి తేవడానికి మొదట కుదుర్చుకున్న పద్ధతి వేరు. గార్డ్ మాల్కమ్ బ్రాగ్డన్‌ను క్లిప్పర్స్‌కు పంపాలనుకున్నారు. బ్రాగ్డన్ ఆరోగ్యం మీద అనుమానంతో క్లిప్పర్స్ వెనక్కి తగ్గింది. గడువు ముంచుకొస్తుంటే రాత్రికి రాత్రి మెంఫిస్‌ను పట్టుకొచ్చి, జట్టుకు తొమ్మిదేళ్లు ప్రాణం పెట్టి ఆడిన మార్కస్ స్మార్ట్‌ను అక్కడికి పంపించారు. స్మార్ట్ వెళ్లిపోవడం చాలామంది అభిమానులను బాధించింది, నన్నూ బాధించింది.

పోర్జింగిస్ ఆ సీజన్‌లో 57 మ్యాచ్‌లు ఆడాడు, సగటున ఇరవై పాయింట్లు. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే పిక్క కండరం పట్టేసింది. నెలకు పైగా ఆగి ఫైనల్స్ తొలి మ్యాచ్‌లో బెంచి మీద నుంచి వచ్చి 20 పాయింట్లు కొట్టాడు. రెండో మ్యాచ్‌లో రెండో కాలికి ఇంకో గాయం. చీలమండ దగ్గర స్నాయువును పట్టి ఉంచే పొర చిరిగి, స్నాయువు చోటు తప్పింది. బోస్టన్ ఆ ప్లేఆఫ్స్‌లో ఆడిన 19 మ్యాచ్‌లలో అతను దిగింది ఏడింటిలోనే. అతను లేని పన్నెండులో బోస్టన్ పది గెలిచింది. ఆ పదే నాకు ఆ జట్టు గొప్పతనం. అతని స్థానంలో ముప్పై ఎనిమిదేళ్ల ఆల్ హోర్‌ఫర్డ్ నిలబడ్డాడు. హోర్‌ఫర్డ్ వెనక ల్యూక్ కార్నెట్ ఉన్నాడు. కార్నెట్ మణికట్టుకు దెబ్బ తగిలితే, ఫిబ్రవరిలో మెంఫిస్ నుంచి చవగ్గా తెచ్చిపెట్టుకున్న జేవియర్ టిల్‌మన్ ఉన్నాడు. ఫైనల్స్ మూడో మ్యాచ్‌లో డాలస్‌లో టిల్‌మన్ దిగి, కొద్ది నిమిషాలే ఆడినా మూడు పాయింట్ల షాట్ వేశాడు, ప్రత్యర్థి షాట్లను అడ్డుకున్నాడు. ఆ నిమిషాలు ఎవరూ గుర్తుపెట్టుకోరు. నేను మరిచిపోలేను.

ఇప్పుడు దీని పక్కన లేకర్స్‌ను పెట్టి చూడండి. 2025 ఫిబ్రవరి మొదట్లో డాలస్ స్టార్ లుకా డాన్చిచ్ కోసం తమ పొడగరి ఆంథొనీ డేవిస్‌ను ఇచ్చేశారు. డాన్చిచ్ వంటి వాడు దొరికితే ఎవరైనా అదే చేస్తారు, తప్పుపట్టను. కానీ ఆ దెబ్బతో లేకర్స్‌కు రింగ్ కింద మనిషి లేకుండా పోయాడు. కొద్ది రోజుల్లోనే షార్లట్ నుంచి మార్క్ విలియమ్స్ అనే కుర్ర సెంటర్‌ను తెచ్చుకోవడానికి ఒప్పందం చేసుకున్నారు. ఏడడుగుల మనిషి, అంతకుముందు సీజన్‌లో పందొమ్మిది మ్యాచ్‌లే ఆడినవాడు. బదులుగా డాల్టన్ నెక్ట్ అనే కొత్త షూటర్‌ను, కామ్ రెడ్డిష్‌ను, 2031 మొదటి రౌండ్ పిక్‌ను, 2030లో పిక్ మార్చుకునే హక్కును రాసిచ్చారు. వైద్య పరీక్షలో విలియమ్స్ నెగ్గలేదన్నారు, ట్రేడ్ రద్దయింది. అప్పటికే ట్రేడ్ల గడువు దాటిపోయింది.

డాక్టర్లు సరిగ్గా చెప్పారా లేదా అన్న చర్చ చాలా నడిచింది. నాకు అంతకన్నా ముందే ఒక అభ్యంతరం ఉంది. వాళ్లు ఇవ్వజూపిన ధర రెండో దారికి ఇచ్చే ధర కాదు. అది ఇంటి మూలస్తంభానికి ఇచ్చే ధర. అంత ఇచ్చాక ఆ కుర్రవాడు ప్రతి రాత్రీ దిగి తీరాలి, దిగకపోతే ఏం చేయాలన్నది ఎవరూ ఆలోచించి పెట్టుకోలేదు. స్టెప్నీ ఒక్కటి ఉందని లారీ దూరప్రయాణానికి బయల్దేరింది, తీరా చూస్తే ఆ స్టెప్నీయే బిగించేది కాదు. ఏప్రిల్ వచ్చింది. మొదటి రౌండ్‌లో మిన్నెసోటా 4-1తో ఓడించింది. ఐదో మ్యాచ్‌లో మిన్నెసోటా సెంటర్ రూడీ గోబెర్ 27 పాయింట్లు, 24 రీబౌండ్లు తీసుకున్నాడు. అతని ముందు నిలబడగల సెంటర్‌ను ఆ రాత్రి లేకర్స్ దింపనే లేదు.

డాలస్ సంగతి ఇంకోలా బాధాకరం. ఆ నగరం చుట్టూ ఉన్న ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో, ప్లేనోలో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే. వాళ్ల పిల్లలు డాన్చిచ్ జెర్సీ వేసుకుని పెరిగారు. ఆ జెర్సీ స్థానంలో వచ్చిన డేవిస్ తొలి మ్యాచ్‌లో 26 పాయింట్లు, 16 రీబౌండ్లు తీసి, మూడో క్వార్టర్‌లో తొడ కండరం పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ సీజన్‌లో డాలస్‌కు అతను ఆడింది మొత్తం తొమ్మిది లీగ్ మ్యాచ్‌లే. డేవిస్ మీద ఎవరూ కోపం పెట్టుకోకూడదని నా మనవి. గాయాలకు లోనయ్యే పొడగరిని అసలు ప్రణాళికగా పెట్టుకున్నది అతను కాదు.

ఇదంతా జట్టు వైపు నుంచి మాట్లాడటం. మనిషి వైపు నుంచి చూస్తే మళ్లీ వాల్టన్ దగ్గరికే వెళ్లాలి. 1978 ప్లేఆఫ్స్‌లో సియాటిల్ మీద ఆడటానికి, నొప్పితో ఉన్న పాదానికి ఇంజెక్షన్ వేయించుకుని దిగాడు. మ్యాచ్ తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఆ నావిక్యులర్ ఎముక విరిగి కనబడింది. తనకూ తోటివాళ్లకూ జరిగిన వైద్యం మీద నమ్మకం పోయి, తనను వేరే జట్టుకు పంపమన్నాడు, మరుసటి సీజన్ మొత్తం ఆడలేదు. అతను లేకపోతే జట్టే లేదన్న పరిస్థితి ఉంటే ఆ సూది దగ్గరికి అందరి చేతులూ వెళతాయి, ఆటగాడి చేయి కూడా. బోస్టన్‌లో అతని మీద ఆ భారం లేదు. బాగా లేకపోతే కూర్చోవచ్చు. ఆ వెసులుబాటే అతన్ని 80 మ్యాచ్‌లు నిలబెట్టిందని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే ఫిబ్రవరిలో ట్రేడ్ గడువు దగ్గరపడి, ఏదో జట్టు అనుకున్న పెద్ద స్టార్ దొరక్క గాయాల పొడగరి వైపు తిరిగిందన్న వార్త వస్తే, అతని పాత స్కానుల గురించి నేను వెతకను. ఆ జట్టు పేర్ల జాబితా తీసి మూడో సెంటర్ ఎవరో చూస్తాను, వీలైతే నాలుగో మనిషి ఎవరో కూడా. 1986 బోస్టన్‌లో పారిష్, వాల్టన్‌ల వెనక ఆ మూడో మనిషి గ్రెగ్ కైట్. పాయింట్లు పెద్దగా కొట్టేవాడు కాదు. ప్రాక్టీసులో వాళ్లిద్దరితో ఢీకొనేవాడు, పిలిచిన రాత్రి దిగి ఫౌళ్లు ఖర్చుపెట్టి వచ్చేవాడు.