టిట్టిట్టిట్... ఎవరిదో ఫోనొస్తున్నది!

ఇంటర్ చదివే మా మేనల్లుడు కొత్త కంప్యూటర్ స్పీకర్లను మళ్లీ డబ్బాలో సర్దేశాడు, దుకాణంలో వాపసు ఇచ్చేద్దామని. "ఖరాబు పీస్ అంటగట్టిండు మామా! పాట నడుస్తుంటే నడుమ నడుమ టిట్టిట్ టిట్టిట్ మని మొత్తుకుంటున్నది" అన్నాడు. స్పీకర్ పెట్టిన బల్ల మీదే వాళ్ల నాయనమ్మ కీప్యాడ్ ఫోన్ ఉంది. తీసి కిటికీలో పెట్టాను. మొత్తుకోవడం ఆగింది. వాడి మొహం చూడాలి! ఆ సంబరం నాకు వారమంతా ఉంది.

ఈ కాలమ్ చదివేవాళ్లు ఇప్పటికే "ఇక ఎర్తింగ్ పురాణం మొదలు" అనుకుంటుంటారు. స్పీకర్లో ఆగకుండా 'గుమ్‌మ్' మని మోత వస్తే అది కరెంటుది. అక్కడ ఎర్తింగును అనుమానించాల్సిందే, నా మాట మీద నేను ఉన్నాను. ఈ టిట్టిట్ కేసులో మాత్రం ఎర్తింగ్ నిర్దోషి. ఆకాశవాణి నిజామాబాద్ కూడా నిర్దోషే. 103.2 ఎఫ్ఎంలో తరంగం బలం మారదు, మారేది ఫ్రీక్వెన్సీ. దాన్ని పాటగా విప్పడం స్పీకర్లోని మామూలు ఆంప్లిఫయర్‌కు అంత తేలిగ్గా చేతకాదు. మీడియం వేవ్ సంగతి వేరు, ట్రాన్స్‌మిటర్ దగ్గరి ఇళ్లలో అది స్పీకర్లలో దూరుతుంది. కానీ హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్‌కు మా ఊరు వర్ని దాకా వచ్చేసరికి అంత జోరు మిగలదు.

దొంగ 2జీ ఫోనే. అది టవర్‌తో ఏకధాటిగా మాట్లాడదు. నిజాంసాగర్ నీళ్లకు వంతులు కట్టినట్టు ఒకే ఛానల్‌ను ఎనిమిది ఫోన్లు పంచుకుంటాయి. తన వంతు రాగానే ఒక్క ముక్క పంపి ఊరుకుంటుంది, మళ్లీ వంతు రాగానే మళ్లీ పంపుతుంది. సెకనుకు 217 సార్లు. ఆ 900 మెగాహెర్ట్జ్ తరంగం మన చెవికి అందేది కాదు. స్పీకర్ వైరు యాంటెన్నాలా దాన్ని పట్టుకుంటుంది. లోపలి ట్రాన్సిస్టర్ డయోడ్ పని చేసి తరంగాన్ని వడకట్టేస్తుంది. మిగిలేది వంతుల దరువు. మనం వినేది అదే. గంట మోగకముందే ఫోన్, టవర్ మాట్లాడుకోవాలి కాబట్టి చప్పుడు ముందు, రింగు తరువాత.

ఆ ముందు, తరువాతల మధ్య సందులో ఒకప్పుడు మా వర్ని ఎంత ఆశ పెట్టుకుందో! బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో శుక్రవారం వస్తే కుర్చీ దొరికేది కాదు. దుబాయిలో, సౌదీలో, మస్కట్‌లో అప్పట్లో సెలవు ఆ రోజే. కెమెరాలో మొగుణ్ణి చూసుకోవడానికి వచ్చినవాళ్లు, కొడుకు ఫోన్ కోసం వచ్చిన తల్లులు, చంకల్లో పిల్లలు. సెంటర్ నడిపే తమ్ముడు పాటలు పెట్టేవాడు. పాట మధ్యలో టిట్టిట్ మనగానే "అక్కా, ఎవరిదో ఫోనొస్తున్నది, సూస్కోండ్రి!" అని కేకేసేవాడు. అందరి చేతులూ సంచుల్లోకి పోయేవి. లోపల సిగ్నల్ సరిగా ఉండదని ఒక పెద్దామె రింగు కాకముందే లేచి రోడ్డు మీదికి నడిచేది. చాలాసార్లు అది కాల్ కాదు. మెసేజో, ఫోన్ ఊరికే టవర్‌కు తన హాజరు వేయించుకోవడమో. ఆమె అక్కడే నిలబడి తెర మీద చూసుకుని, మళ్లీ లోపలికొచ్చేది.

దీని గురించి మాట్లాడుతుంటే బోధన్ మిత్రుడొకరు నిట్టూర్చారు: "షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ లెక్కనే ఇదీ పాయె." నిజమే, ఆ చక్కెర ఫ్యాక్టరీకి తాళం పడింది 2015 డిసెంబరులో. మరుసటి సెప్టెంబరులో జియో 4జీ వచ్చింది, ఆ తరవాత ఈ దరువు దాదాపు వినపడలేదు. ఫ్యాక్టరీ మీద నేనెన్ని వారాలు రాశానో మీకు తెలుసు, ఇంకా రాస్తాను. అయినా ఆ రెంటినీ ఒక గాటన కట్టడానికి నాకు మనసొప్పలేదు. ఫ్యాక్టరీతో చెరకు రైతు బతుకు పోయింది. టిట్టిట్‌తో ఏం పోయింది? టవర్ దూరమైనకొద్దీ ఫోన్ గట్టిగా అరుస్తుంది, రెండు వాట్ల దాకా. ఆ చప్పుడు మా ఊళ్లో అంత జోరుగా ఉండటానికి ఒక కారణం, మాకు దగ్గర్లో టవర్ లేకపోవడం. రెండో కారణం చౌక స్పీకర్లు. లోపల ఒక చిన్న కెపాసిటర్, వైరుకు ఒక ఫెర్రైట్ రింగు వేసి ఉంటే చాలావరకు అణిగేది. ఆ పెద్దామెను రోడ్డు మీద నిలబెట్టిన చప్పుడును తలుచుకుని మురిసిపోలేను. పోయిందే మంచిదైంది.

మీ ఇంట్లో ఇంకా వినిపిస్తుంటే ఫోన్‌ను స్పీకర్‌కు, వైర్లకు నాలుగడుగుల దూరంలో పెట్టండి. వైరు పొడవెక్కువుంటే పొట్టి వైరు వేయండి. మానిటర్ వైరు చివర నల్లటి ముద్ద ఒకటి ఉంటుంది చూశారా, ఆ ఫెర్రైట్ అదే. "ఇదెందుకు సార్" అని రిపేరు షాపులో ఎవరైనా కోయబోతే, దయచేసి కోయనివ్వకండి.